నలభై, ముప్పై ఎనిమిది

మిర్యాలగూడ బైపాసు పక్కన రైసుమిల్లు.
కాంటా రూములో నా మొదటి ప్రోగ్రాము:
రెండు గడులు, ఒక మీట, కింద మొత్తం.

ఒక లారీకి నలభై బస్తాలు,
ఇంకోదానికి ముప్పై ఎనిమిది.
మీట నొక్కితే
నాలుగువేల ముప్పై ఎనిమిది.

గుమాస్తా కళ్ళద్దాలు తుడుచుకున్నడు.
హమాలీ జానయ్య
భుజం మీది గోనెపట్ట దింపి అడిగిండు:
"గన్ని మోస్తే నా నడుముంటదా బిడ్డా?"

రాత్రంతా కూడిక గుర్తునే అనుమానించిన.
ప్లస్సు చెరిపి మళ్ళ అదే ప్లస్సు పెట్టిన.
ఒక్కో లైను దగ్గర ఆగి తొంగి చూస్తే
నలభై చుట్టూ కొటేషన్లు,
పొట్టు ఊడని వడ్లగింజ లెక్క.

నాకు అంకె. దానికి అక్షరాలు.
అక్షరాలను కలపమంటే
పక్కపక్కన పేర్చక ఏం జేస్తది?

పొద్దున చెప్తే జానయ్య ఆశ్చర్యపోలే.
"సంచి మీద యాభై అని రాసుంటది.
రాసింది బరువైతదా? కాంటా ఎక్కియ్యాలె."

ఎక్కిచ్చిన. ఒక్క మాట, రెండు చోట్ల.
డెబ్భై ఎనిమిది.
అంత చిన్న అంకె
అంత ముద్దుగ ఉంటదని తెల్వదు.

మూడో లారీ వచ్చింది.
గుమాస్తా రెండో గడి ఖాళీగ ఇడిసి మీట నొక్కిండు.
ప్రోగ్రాము మూసుకపోయింది.

"ఉత్త సంచిని గూడ జోకుతమా?"
అన్నడు జానయ్య,
బీడీ ఎతుక్కుంట.