చూరు లేని బండి

ముగ్గురం కలిసి కొన్నం ఈ ఇల్లుబండిని.
భూమన్నది సగం, మస్తాన్‌దీ నాదీ చెరో పావు.
అమ్మినాయన జర్మనీవోడు, కొలువైపోయి ఎల్లిపోతుండె.
తాళంచెవులతోని ఒక కెటిల్, రెండు మడత కుర్చీలు,
సీటు కింద ఎవరో చిన్నపిల్ల చెప్పొకటి
ఇడిశిపెట్టి పోయిండు.

అన్నీ ఉన్నయి దీంట్ల.
పొయ్యి ఉన్నది, మంచమున్నది,
మోకాళ్లు ముడుచుకొని కూసునే పాయిఖాన ఉన్నది.
చూరొక్కటే లేదు.
తలుపు తీసి కాలు కింద పెడితె
నేరుగ ఎండలనే.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాల
పదకొండేండ్ల సంది నా పని నీడ.
పైపులు వంచుత, వెల్డింగ్ పెడుత, గుడ్డ గుంజి కడుత.
విల్లాల కార్లకు, బడి బస్సులకు,
ఒకసారి గుర్రాలకు గూడ.
అవి నీడల నిలవడి నన్ను చూసినయి,
నేను నిచ్చెన మీద.
మీటరుకింతని నీడకు రేటు చెప్పేటోన్ని.
ఇయ్యాల మా బండికే చెప్పమంటున్నరు.

చెప్పిన.
నాలుగు మీటర్ల రోలు, తిప్పే హ్యాండిలు, రెండు కాళ్లు.
పద్దెనిమిది వందల దిర్హాలు, నా కూలి ఇడిశి.
భూమన్న నోటికాడి చాయ్ ఆగింది.
"గా పైసలకు బోరు మోటరొస్తది" అన్నడు.
ఏదైనా మోటర్ల లెక్కనే కొలుస్తడు భూమన్న.
విమానం టికెట్టు ముప్పావు మోటరు,
పన్నుకు కేపు పెట్టిచ్చుకుంటె అర మోటరు.

మస్తాన్‌ది కడప.
"కట్టించు సామీ" అన్నాడు.
"గడపంటూ ఉన్నాక ముందర రవ్వంత నీడుండాల.
బయటికొచ్చినోడు నిలబడేకి తావుండాల గదా."

నాకు తెలిసిన సంగతులు వేరే.
చూరు బిగియ్యాలంటె బండి పక్కకు పదారు బొక్కలు,
బొక్క బొక్కకూ రేపటి చెమ్మ.
షమాల్ గాలి లేస్తె గుడ్డ గుడ్డ లెక్కుండది,
తెరచాపైతది.
నేను కట్టిందే ఒకటి అజ్మాన్‌ల
పక్కింటి మేడ మీద దొరికింది, కాళ్లు పైకి లేపి.
ఇగ ముల్కియా కొత్తగ చేసేనాడు
కాయితంల లేనిది బండి మీద ఎట్లొచ్చిందంటడు ఇన్‌స్పెక్టరు.
వద్దన్న.
ఇద్దరూ ఊకున్నరు.
నీడ పనోడే వద్దంటె ఇంకేమంటరు.

ఏప్రిల్ల ఒక ఆదివారం
ఉమ్ అల్ కువైన్ దిక్కు పోయినం.
మడచెట్ల అవతల, నీళ్లు వెనక్కి పోయినకాడ ఆపినం.
పొద్దుగాల నీడ పడమటి దిక్కుండె.
చాప పరిచినం, కోడికూర పొయ్యి మీదేసినం.
నీడ జరిగింది, చాప జరిపినం.
మళ్ల జరిగింది, మళ్ల జరిపినం.
నడిపొద్దుకు మిగిలింది మూరన్నర.
ముగ్గురం వరుసగ వీపులు బండికానిచ్చినం,
మోకాళ్లు నీడల, పాదాలు ఎండల.

అప్పుడొచ్చిండు ఒక పఠాన్ ముసలాయన.
పికప్పు టైరు ఇసుకల దిగవడ్డదట.
నీళ్లడిగిండు, సీసా ఇచ్చినం.
"కూసో చాచా" అన్నం.
అటు చూసిండు, ఇటు చూసిండు,
నీడ అంచుకాడ నిలవడి
గటగట తాగిండు, అంచు దాటలే.
అడుగు ముందుకేస్తె మా కాళ్ల మీదనే.
మస్తాన్ నా దిక్కు చూడలే.
చూసినా బాగుండు.

భూమన్న లేశి తన తావిచ్చిండు.
తలకు రుమాలు కట్టుకొని
ఎండల నిలవడి అడిగిండు:
"నా సగం ఎంతైతది?"
"తొమ్మిది వందలు."
జరసేపు సముద్రం దిక్కు చూసిండు.
"అంటె ఒక పన్ను" అన్నడు.

పికప్పును ముగ్గురం దొబ్బి ఎల్లగొట్టినం.
పొద్దుగూకంగ టేపు తీసి కొలిసిన,
తలుపు మీద జానెడు ఇడిశి
పెన్సిలుతోని పెట్టిన గుర్తులు, పదారు.
వాయవ్యం నుంచి గాలి మొదలైంది,
వేలు తడిపి చూసుకున్న.

డ్రిల్లు పెట్టెలనే ఉన్నది.
గుర్తులు బండి పక్కకు అట్లనే ఉన్నయి,
తడిగుడ్డ పెడితె పోయేటియే.
ఈ వారం బండి కడుగుడు
వంతు నాది.