గళ్ల నేల కింద

జగన్నాథపురం వంతెన దాటాక, ఉప్పుటేటి గట్టున
కిటికీలు మనిషెత్తుకు పైన ఉండే బంగళా.
ఊళ్లోవాళ్లు దెయ్యాల కొట్టు అంటారు.
తుఫానుకి నేల కుంగితే
కబురు మాత్రం నాకొచ్చింది.

నల్ల పలక, తెల్ల పలక, నల్ల పలక.
మధ్యలో ఒక్కచోట
నీళ్లు తాగే గేదె మెడలా వంగిపోయింది.
గోడమీద బంగారు రంగు మూలమట్టం, కంపాసు.
దేనికీ సున్నం మరక లేదు.
నా సంచిలో మూలమట్టం బయటికి తీయడానికి
ఎందుకో కాస్త సిగ్గేసింది.

నేను పలకలు లేపుతుంటే
వాళ్లు ముగ్గురూ పేము కుర్చీల్లో కూర్చుని
తమ పుట్టుక గురించి తగువాడుకుంటున్నారు.

"యెరూషలేము దారి కాపలా కాసిన యోధులండీ మనవాళ్లు.
రాజు పట్టి తగలబెట్టిస్తుంటే ఓడలెక్కి స్కాట్లాండు పోయి
రాళ్లు చెక్కేవాళ్ల మధ్య దాక్కున్నారు"
అని డాక్టర్ జయరత్నం.
ఆయన చెబుతుంటే నాక్కూడా గుర్రపు డెక్కలు వినిపించాయి.

మూరెడు లోతు. ఇటుక ముక్కలు.

"కాగితం ఉందా?" లాయరు చర్ల సోమయాజులు గారు.
"ఓడెక్కినట్టు, దిగినట్టు, ఒక్క కాగితం?
రాళ్లు చెక్కేవాళ్లేనయ్యా అసలు మనవాళ్లు.
ఒక్కో చర్చి నూరేళ్లు కట్టేవాళ్లు.
గోడ పక్కన పాక వేసుకుని
అందులోనే తిండి, పనిముట్లు, పంచాయితీ.
ఆ పాక పేరే లాడ్జి.
ఊరు మారితే, పనొచ్చినవాడని తెలియడానికి
చెవిలో చెప్పుకునే మాట ఒకటి."

నా గునపం ఆగింది.
ధవళేశ్వరం కొండ కింద
మా ముత్తాత ఓర్సు గంగన్న వేసుకున్న పాకా
అచ్చం అలాంటిదేనట.
ఆనకట్టకి రాయి కొట్టినన్నాళ్లూ
గానుగ సున్నంలో కరక్కాయ నీళ్లు
ఎప్పుడు పొయ్యాలో, ఎంత పొయ్యాలో
అల్లుడికి కూడా చెప్పలేదట.
కూతురికి చెప్పాడు. అది వేరే కథ.

రెండు మూరలు. గుల్ల సున్నం.

"మరి ఆ రాళ్లు కొట్టేవాళ్లు ఏమయ్యారు?"
చుట్ట ఆర్పి అడిగారు రైసుమిల్లు కర్రి వీర్రెడ్డి గారు.
లాయరు గారు కాసేపు పైకప్పు చూశారు.
"మొదట ఒక జమీందారుని గౌరవంగా పిలిచారు.
ఆయన తన స్నేహితుణ్ణి తెచ్చాడు.
ఆ స్నేహితుడు ఇంకొకణ్ణి.
ఎప్పుడో ఒకరోజు లెక్క చూసుకుంటే
పాకలో ఉలి పట్టినవాడు ఒక్కడూ లేడు.
అదీ ఒక వాదమే అనుకోండి."

ఆయ్, అన్నాను. నన్నెవరూ అడగలేదు.

అప్పుడు దొరికింది, తిరగేసిన తెల్ల పలక వెనక
ఉలితో గీసిన గుర్తు:
రెండు నిలువు గీతలు, మధ్యలో చేప.
డాక్టరు గారు ఇస్త్రీ ప్యాంటుతో మోకాళ్ల మీద కూలబడ్డారు.
చేపంటే క్రీస్తన్నారు,
గీతలంటే సొలొమోను స్తంభాలన్నారు.
డైరీలో బొమ్మ వేసుకుంటుంటే చెయ్యి వణికింది.

"కూలి లెక్కండి" అన్నాను.
"ఎవరు చెక్కిన పలకకి వాళ్లు గుర్తు పెట్టుకుంటారు,
శనివారం సాయంత్రం డబ్బులకి.
చేప గీశాడంటే ఏటిగట్టు మనిషై ఉంటాడు.
పులస కాబోలు."
వీర్రెడ్డి గారు పగలబడి నవ్వారు.
డైరీలోకి ఆ మాట ఎక్కలేదు.

మూడు మూరలు. నల్ల ఒండ్రు.
ఈ లంకల్లో రాయి పుట్టదు.
ఎక్కడి కొండలో అరిగి అరిగి
ఏటితో దిగొచ్చి ఇక్కడ పడుకున్నాయి.
ఏ రేణువు ఏ కొండదో గోదారినే అడగాలి,
అది చెప్పేలోపు సముద్రంలో ఉంటుంది.

"అడుగు తగిలిందా మేస్త్రీ?"
ముగ్గురూ గోతి అంచున వంగి చూశారు.
తగల్లేదు. నీళ్లు తగిలాయి,
ఉప్పగా, నింపాదిగా పైకొస్తూ,
ముగ్గురి తలలూ నా తలా కలిపి ఊపుతూ.

"పోటు తగ్గేదాకా ఆగాలండి" అన్నాను.
డాక్టరు గారు తన కుర్చీ నావైపు జరిపారు.
సున్నం అంటుతుందని
గోతి గట్టునే కాళ్లు వేలాడేసి కూర్చున్నాను.
లాయరు గారు కండువా మడిచి వేసుకుని
పక్కకొచ్చి కూర్చున్నారు, చాలాసేపు ఏమీ అనకుండా.
తర్వాత, మీవాళ్లు సున్నంలో
ఏం కలిపేవాళ్లు మేస్త్రీ, అని అడిగారు,
చెవిలో.