ఎన్నేళ్ల పిల్లాడికి?

డాబాగార్డెన్స్ సందులో
మెట్ల కింద నా కొట్టు.
ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే:
ఎన్నేళ్ల పిల్లాడికండీ?

మూడంటే
రెండే బొత్తాలున్న ఎర్ర బండి.
ఒకటి నొక్కితే ముందుకి, ఒకటి నొక్కితే గిరగిరా.
ఆ వయసుకి దిక్కులెందుకు,
కదిలితే చాలు, చప్పట్లు.
బ్యాటరీ మూతకి మర బిగిసిందో లేదో
మూడుసార్లు చూసి మరీ ఇస్తాను.
మూడేళ్లకి నోరే మొదటి చెయ్యి.

ఆరేళ్లవాళ్లు గోడల్ని గుద్దుతారు.
గుద్దాలి కూడా.
బంపరు మెత్తగా ఉన్నది తీసుకోండంటాను,
తండ్రులేమో స్పీడెంతని అడుగుతారు.

మొన్న మెహర్ వచ్చింది, తొమ్మిదేళ్లది, వాళ్ల పిన్నితో.
హెలికాప్టరే కావాలంది.
రెక్క విరిగితే ఏం చేస్తావమ్మా అన్నాను.
'ఎలా మారుస్తారో ముందు చూపించు,
తర్వాత కొంటాను.'
చూపించాను. ఇచ్చేశాను.
అట్టపెట్టె మీద పద్నాలుగు అని ఉంది.
అట్టకేం తెలుసు.

బీచిలో ఆడించకండని అందరికీ చెబుతాను.
సోమవారం పొద్దున్నే కవర్లలో పట్టుకొస్తారు
ఆర్కే బీచి ఇసక మింగిన గేర్లని,
ఉప్పుగాలికి పచ్చబడిన స్ప్రింగుల్ని.
పాత పళ్లబ్రష్షు పుచ్చుకు కూర్చుంటాను,
మధ్యాహ్నం దాకా సముద్రాన్ని తోముతూ.

నిజానికి కష్టం వేగం కాదు.
బండి నీకు దూరంగా పోతున్నంతసేపూ
దాని కుడి నీ కుడే.
మలుపు తిరిగి నీ మీదికి వస్తున్నప్పుడే
కుడి ఎడమైపోతుంది.
ఇంజినీర్లు కూడా అక్కడ తడబడతారు.
పిల్లలైతే బండితోపాటు తామూ తిరిగి
వీపు దానికి పెట్టి, మెడ తిప్పి నడుపుతారు.
అది దొంగాటే,
అయినా పనిచేస్తుంది.

నిన్న సాయంత్రం, వాన వెలిశాక,
గొడుగు మడవలేక అవస్థ పడుతూ ఒకాయన.
ఎన్నేళ్ల పిల్లాడికండీ?
'అరవై మూడు.'
నవ్వలేదు.
పేరు దాలినాయుడట.
పోర్టులో క్రేను మీద ముప్పై ఒక్కేళ్లు.
'ఇరవై టన్నుల పెట్టె లారీ మీద దించితే
డ్రైవరు సేతిలో టీ తొణికేది కాదు బాబూ.'
కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి
బల్లమీద పెట్టాడు,
ఎవరిదో పార్సిల్ అప్పగించినట్టు.
'ఏప్రిల్లో పడిపోనాను. కేజీహెచ్‌లో డాక్టరమ్మ
రబ్బరు బంతి పిసకమంది.
బంతితో ఏటి సేస్తాను?
అదెక్కడికీ ఎల్లదు గదా.'

పై అరలో పసుపు రంగు క్రేను ఉంది.
ఆయన చూశాడు.
నేను చూడనట్టు దాటేశాను.
డ్రోను వద్దు, తప్పుని క్షమించదు.
కారు ట్రిగ్గరు గట్టిది.
అడుగునెక్కడో దుమ్ముపట్టి
ఒక పడవ దొరికింది.
నీళ్లమీద ఏదీ టక్కున తిరగదు,
టక్కున ఆగదు.
తప్పుకీ దిద్దుబాటుకీ మధ్య
కాస్త జాగా ఉంటుంది.
ఎనిమిదేళ్లు పైబడినవారికి, అని చదివాను పెట్టె మీద.
'పైబడ్డాను' అన్నాడు.

వెనక గదిలో టబ్బు నింపాను.
బొటనవేలు పుల్లమీద ఊరికే ఉంది.
ట్యూబులైటు చుట్టూ వానపురుగులు.
ఎప్పటికో మోటారు గుర్రుమంది.
పడవ అవతలి అంచుకి కొట్టుకుని
ముక్కు మావైపు తిప్పింది.
ఇప్పుడు కుడి ఎడమవుతుందండీ అని చెప్పబోయాను.
ఆయన చేతిని చూడ్డం మానేశాడు అప్పటికే,
టబ్బు మీదికి వంగి చూస్తున్నాడు,
అరవై అడుగుల ఎత్తు నుంచి
రేవుని చూసినట్టు.
గుద్దుకుంది. మళ్లీ గుద్దుకుంది.
మూడోసారి, గుద్దుకోబోయి, ఒరిగి, తప్పుకుంది.

యాభై తగ్గించమని బేరమాడాడు.
బ్యాటరీలు ఊరికే ఇమ్మన్నాడు.
ఇచ్చాను.
ఉప్పునీళ్లలో వెయ్యకండి, తుప్పు పడుతుందన్నాను
అలవాటుకొద్దీ.
మెట్లమీద ఆగి వెనక్కి చూశాడు:
'తుప్పు గురించి
నాకు సెప్తావేటి నువ్వు.'