పంటికి పన్ను

రాయపురంలో ఏకాంబరం సెలూన్ మూసేస్తున్నాడని
జ్ఞానదంతం పీకించుకోడానికొచ్చిన హార్బరు గుమాస్తా చెప్పాడు,
నోట్లో దూదితో.
సగమే అర్థమైంది.
గడియారం అన్న మాట మాత్రం
దూదిని దాటుకుని వచ్చింది.

సాయంత్రానికల్లా వెళ్ళాను.
రెండు కుర్చీలు, ఒక పొడవాటి అద్దం,
అద్దానికి ఎదురుగోడ మీద వాటర్‌బరీ.
వాల్‌నట్ చెక్కలో ఎనిమిది మూలల ముఖం,
కింద చిన్న గాజు కిటికీలో
ఊగుతున్న ఇత్తడి బిళ్ళ.
ఎప్పుడో అమెరికా ఓడ దిగి
రేవుకి మైలు దూరం కూడా పోకుండా
ఇక్కడే గోడెక్కింది.

ఎంతకిస్తావన్నాను.
బేరానికి ముందు ముఖంలో ఆశ కనపడకూడదు,
పదకొండు గడియారాలు కొన్నా నాకా విద్య రాలేదు.
ఏకాంబరం నా చేతుల వంక చూశాడు.
"డబ్బులొద్దమ్మా, పైవరస కట్టించు.
మా తాత కత్తెరతో బాటు పటకారూ పెట్టుకునేవాడు,
ఈ వీధిలో సగం పళ్ళు ఆయన పీకినవే.
పీకిన ఇంటికి కట్టడం కూడా జరగాల కదా"
అని బోసిచిగుళ్ళతో నవ్వాడు.

ఆ రాత్రి పురసైవాకంలో, క్లినిక్ మేడ మీద,
పాత పేపరు పరిచి వెనక చెక్క ఊడదీశాను.
పళ్ళచక్రాల మధ్య వెంట్రుకలు.
నల్లవి, తెల్లవి, గోరింటాకు పెట్టుకున్న ఎర్రవి,
నలభై ఏళ్ళ పౌడరుతో కలిసి
నూనెలో ముద్దకట్టి.
ఒక్కో చక్రాన్నీ కిరసనాయిల్లో నానబెట్టి
పగలు మనుషులకి వాడే కొక్కెంతోనే గార గీకాను.
ఒకదానికి పన్ను విరిగితే ఎవరో
ఆవగింజంత ఇత్తడి అతికి ఆకురాయి పట్టారు,
అతుకు వేలికి తగల్లేదు.
నాకంటే మంచి పనివాడు.
రేకు మీద సూదితో గీసుకున్నాడు:
పు. నాథముని, 1938.
కింద నా పేరు గీద్దామనుకున్నాను.
సూది పక్కన పెట్టేశాను.

లోపల అంటించిన కాగితంలో
ముళ్ళని వెనక్కి తిప్పవద్దు అన్న చోట
'వద్దు'ని చెదలు తినేశాయి.

క్లినిక్ గోడకి నిటారుగా తగిలిస్తే
టిక్.
అంతే.
ఎడమకి కాస్త వంచితే
టిక్, టక్టిక్, టక్, కుంటుతూ.
ఇంకో వెంట్రుకవాసి.
అప్పుడు కుదిరింది నడక.
వంకరపళ్ళకి తీగలు బిగించి బతుకుతున్నదాన్ని,
దాన్ని మాత్రం ఆ వంకరతోనే వదిలేశాను.

ఇప్పుడు మా ఇంట్లో పన్నెండు కొట్టడానికి
నాలుగు నిమిషాలు పడుతుంది.
సేథ్ థామస్ తొందరపడుతుంది,
బల్ల మీది యాన్సోనియా
అందరూ అయ్యాక గొంతు సవరించుకుంటుంది.
పక్కవాటా పిల్ల మెట్ల మీద కూర్చుని అన్నీ లెక్కపెట్టి
"నూట నలభై నాలుగయిందాంటీ" అంటుంది.

మూడోవారం ఏకాంబరం వచ్చాడు.
నా కుర్చీ చేతిని తట్టి చూశాడు,
పెడలు ఎక్కడుందో వంగి వెతికాడు,
మంచి కుర్చీయే అన్నాక గానీ కూర్చోలేదు.
పైవరస అమర్చి
చూసుకోమని చేతికి అద్దమిచ్చాను.
అతను గోడ వంక చూస్తున్నాడు.
"బాగా తుడిచినావమ్మా. ఆరూ ఇరవై అయిందే,
బస్సు పోతుంది."

ఆరూ ఇరవై కాలేదింకా.
ఆ మాట నేననే లోపే
కుర్చీలో వెనక్కి తిరిగి
అద్దం భుజం మీదికెత్తి,
పళ్ళని చూడకుండా
పళ్ళ వెనక గడియారాన్ని చూశాడు.
"కాదు. ఐదూ నలభై.
ఇన్నేళ్ళూ దీన్ని నేను అద్దంలోనే చదివింది,
గిరాకీ తల మీదుగా.
ఎదురుగా దీని ముఖమే తెలీదు నాకు."

'దు' దగ్గర కొత్త పళ్ళు
సన్నగా ఈల వేశాయి.
కొంచెం అరగదియ్యాలి.
వచ్చే మంగళవారం రమ్మన్నాను.