తరుగు

మైపాడు. ఆదివారం. అలకీ ఎండకీ మధ్య
నా రొమ్మెత్తు గుర్రం, దాని పక్కన సందానీ.
యాభై రూపాయలు తీశాను.

తీసుకోలేదు.
నా వైపు కూడా చూళ్లేదు,
నేను నడిచొచ్చిన తడి ఇసుక చూశాడు.
మడమ దిగిన చోటల్లా నీళ్లు ఊరుతున్నాయి.
"ఎనభై దాటుంటావన్నా" అన్నాడు.
ఎనభై మూడు.

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
పదకొండేళ్లుగా కాటా నాది.
బస్తాకి ఇంత తరుగని రాసే చెయ్యీ నాదే.
కాటా లేకుండా ఒకడు నన్ను తూచటం ఇదే మొదలు.

"పోనీ, ఆ లైటు స్తంభం దాకా. వంద ఇస్తా."

సందానీ జీను కింద నాలుగు వేళ్లు దూర్చి
వెన్ను వెంబడి జరుపుతూ పోయాడు.
ఒకచోట చర్మం ఈగ వాలినట్టు వణికింది.
"పోయిన వారం పెళ్లోళ్లు. ఫోటోకే అన్నారు.
మూడు రోజులు దాణా ముట్టలా."

"నువ్వెక్కవా?"
"నేనా? కొన్న రోజు అల్లూరు నించి
దాని పక్కనే నడిచొచ్చినా."

అప్పటికింకా బోణీ కాలేదని తర్వాత తెలిసింది,
టీ కొట్లో అతను అప్పు రాయించుకుంటుంటే.

అయిదేళ్ల పిల్లెవరో ఎక్కింది. గిట్టల గుర్తులు
ఇసుకకి బొట్టు పెట్టినంత లోతు.
చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే నడిచాను,
ఎందుకో, అడుగు తేలిగ్గా వెయ్యాలని చూస్తూ.

సోమవారం. కాటా మీద మొదటి బస్తా.
రైతు నా వేళ్ల వంకే చూస్తున్నాడు.