బతకని నాలుగేండ్లు

షార్జా, సజ్జా క్యాంపు, బాత్రూం అద్దం ముందల
పాత టూత్‌బ్రష్షుతో మీసానికి రంగేసుకుంటున్న.
రెండు దిర్హాముల పొట్లం.
చెవి మీద మరకవడ్డది, సబ్బుకు పోతలేదు.
ఎనుక బకెట్ పట్టుకొని నిలవడ్డ పోరడు
"కాకా, పెండ్లిసూపులా?" అన్నడు.
అవు అన్న.

మార్చిల కంపెనీ మూతవడ్డది.
పరంజి గొట్టాలన్నీ ట్రేలర్లకెక్కిచ్చినం,
ఆఖరి ట్రేలరుకు తాడు గట్టింది నేనే.
"ఖలాస్" అన్నడు ఫోర్మన్ మొయిదీన్.
ఆయనకూ ఖలాసే, అందుకే గట్టిగ అనలే.

పొద్దుగాల నాలుగున్నరకు ఇప్పటికీ తెలివైతది.
గదిల ఎనిమిది మంచాలు, ఆరుగురు పనికి పోతరు.
నేనూ కడప ఖాదర్ వలీ మిగులుతం.
ఆయనది మోకాలు.
ఆయన సెల్లు జూస్తడు, నేను ఉల్లిగడ్డలు కోస్త.
అడుగకముందే అందరికీ కూర వండిపెడుత,
మెస్సు పైసలు ఎవ్వరూ యాది జెయ్యొద్దని.

సప్లై కంపెనీల ఏసీ బగ్గ సల్లగుంది.
కుర్చీల కూసున్నోడు నా కొడుకంత గూడ ఉండడు.
ముప్పై ఆరేండ్ల సంది ఎత్తు మీది పనే సార్ అని
చేతులు సూపెట్టిన.
చేతులు సూడలే, పాస్‌పోర్టు సూసిండు.
"యాభై ఏడు."
యాభై అయిదు దాటితే ఇన్సూరెన్సోళ్లు ఒప్పరంట.

మెట్‌పల్లిల ఏజెంటు రాజలింగం
పెన్ను మూత పండ్లతోని తీసుకుంట అడిగిండు ఆనాడు,
ఎన్నేండ్లురా నీకు?
పదిహేడు.
"ఇరవై ఒకటి రాస్తున్న. ఎవడన్న అడిగితే తడవడకు."
జూలై ఒకటి గూడ ఆయన పెట్టిందే.
మా అవ్వకు తెల్సిన లెక్క వేరే:
బీడీ కార్ఖానోళ్లు సమ్మె జేసిన యేడు,
తునికాకు తడిపి పెట్టినంక నొప్పులొచ్చినయంట.
గా తారీఖు ఏ దఫ్తర్ల లేదు.

ఆ నాలుగేండ్లు నేను బతకలే.
ఆట్ల జరం రాలే, జీతం రాలే,
ఒక్క దసరా లేదు,
ఎవ్వరితోని కొట్లాడలే.
దేశం దాటెతందుకు చేబదులు తెచ్చుకున్న ఏండ్లు.
గిప్పుడొచ్చి వడ్డీతోని అడుగుతున్నయి.

నాకు యాభై మూడే సార్ అని నోట్లెకొచ్చింది.
అంటే, గిన్నేండ్ల సంది దొంగ కాగితం మీద ఉన్నోణ్ణి.
అనకుంటే ముసలోణ్ణి.
ఏసీల గూడ సంకలు తడిసినయి.
"అవు సార్, యాభై ఏడే" అన్న.
తడవడలే.

బస్సు కోసం నిలవడ్డ కాడ చెమటకు రంగు కారి
తెల్ల అంగీ కాలర్ మీద నల్లగీత.
ఖాదర్ ఫోన్ జేసిండు, ఎత్తలే.

మాపటికి మళ్ల గదే బాత్రూం, గదే పోరడు.
"ఏమన్నరు కాకా?"
పిలగాడు నచ్చలేదంటరా అన్న.
నవ్విండు. మీసం సరిగ రాలే వానికి.
నీకెన్నేండ్లురా?
"ఏది కాకా, అసలుదా, రాసిందా?"

నల్లా బందు జెయ్యి అన్న,
బకెట్ నిండి పోతున్నది.