పేరులో ఉన్న ఉరుకు

బళ్ళారి చౌరస్తాలో టైర్ల అంగడి మీద
మా యోగా క్లాసు.
కింద రబ్బరు వాసన, పైన ప్రాణాయామం.
ముప్పై రెండు మెట్లు, పట్టుకోడానికి కడ్డీ లేదు.
ఎక్కడమే మొదటి ఆసనం అంటాడు
టైర్ల వహీదు.

ఇరవయ్యేడేళ్ళు ఎమ్మిగనూరు బస్సులో
టికెట్లు కొట్టిన మనిషిని నేను.
ఊగే బండిలో ఒంటికాలి మీద నిలబడి
చిల్లర లెక్కపెట్టినవాడికి
వృక్షాసనం ఇంకొకరు నేర్పాల్నా?
రిటైరైనాక ఆ నిలకడనే
నెలకు నాలుగు వందల లెక్కన పంచుతున్నా.
నిదానం, నిదానం, ఎవరూ తరమడం లేదు –
పొద్దుకు నూరుసార్లు ఇదే మాట.

అట్లాంటోణ్ణి పట్టుకొని
వార్డు పిల్లోళ్ళు వచ్చినారు.
"ఆదివారం సరదా పరుగు సార్,
మీ క్లాసు తరఫున పదిమందన్నా రావాల."
సరదా, పరుగు –
ఆ రెండు మాటలూ నా సర్వీసులో
ఎప్పుడూ ఒకే సీట్లో కూర్చోలేదు.
బస్సు వెంట ఉరికేవాళ్ళ మొహాలు
వెనక డోర్లో నిలబడి చూసినవాణ్ణి.
ఆపమని గంట కొట్టిన రోజులున్నాయి.
కొట్టని రోజులూ ఉన్నాయి.

పదిమందిలో ఏడుగురం తేలినాం.
మోకాలికి పట్టీ చుట్టుకున్న షాహీన్ టీచరు,
కడుపును ముందు పంపి తను వెనక వచ్చే
కరెంటాఫీసు గిడ్డయ్య,
అప్పుడే పెండ్లి కుదిరిన వాళ్ళ మేనకోడలు,
ఇంకా ఇద్దరు.
ఫీజుకు బదులు చాపలు దులిపే ఉరుకుందమ్మ –
ఈరన్న స్వామికి మొక్కుకొని పెట్టిన పేరు.
పేరులో ఉరుకుంది గాని
శవాసనంలో అందరికంటే ముందు
గురక పెట్టేది ఆమెనే.
టీషర్టులన్నీ ఒకే సైజు వచ్చినాయి.
చీర మీదనే తొడిగేసింది.

బురుజు నుంచి రాజ్‌విహార్ దాకా పోయి
మళ్ళీ బురుజుకు రావాల.
జెండా ఊపాల్సినాయన
ఏడు దాటినా రాలే.
అంతవరకూ మావాళ్ళంతా తాడాసనం.
ఇడ్లీ బండి ముందర క్యూ అనుకొని
ఒకాయన మా వెనక వచ్చి నిలబడినాడు కూడా.

జెండా ఊగింది.
ఇస్కూలు పిల్లోళ్ళు చిల్లర నాణేల మాదిరి
చెల్లాచెదరుగా దొర్లిపోయినారు.
సగం దూరం కూడా కాలేదు,
పదకొండేళ్ళుగా నేను పీలుస్తున్న గాలి
ఎవరిదో అప్పులాగ వెనక్కి అడుగుతా ఉంది.
"శ్వాస మీద ధ్యాస, సార్" –
నా మాట నాకే చెప్పి షాహీన్ దాటిపోయింది.
గిడ్డయ్య కూడా దాటిపోయినాడు.
మూసిన మందుల షాపు మెట్టు మీద
కూలబడినా.

వెనక నుంచి రబ్బరు చెప్పుల చప్పుడు.
చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి,
అడుగు చిన్నది, ఆగేది కాదు,
ఉరుకుందమ్మ.

"ఏమ్మా, ఇట్ల ఉరకను యాడ నేర్చుకుంటివి?"

"మీ బండి యెనకనే సారూ.
నెత్తిన కూరాకు గంప పెట్టుకొని
ఎన్ని తూర్లు ఉరికినానో."
నవ్వుతానే చెప్పింది.
నవ్వుతానే చెప్పింది కాబట్టి
నాకు లేవక తప్పలేదు.

మేం చేరేపాటికి రిబ్బను చుట్టేస్తా ఉన్నారు.
మెడళ్ళు అయిపోబోతే
వార్డు పిల్లోడు చొక్కా జేబులోంచి
ఆఖరిది ఒకటి తీసినాడు.
ఇద్దరికీ కలిపి పెట్టుకోండన్నాడు.
బజ్జీతో ఉగ్గాని పొట్లాలు రెండు
నేను తీసుకొని తిరిగేలోపల
ఆమె అక్కడ లేదు.

జొహరాపురం దారిలో
ఆ పెద్ద టీషర్టు ఊగుతా పోతోంది.
కుళాయి నీళ్ళు ఎనిమిదింటికి వదులుతారు,
ఎనిమిదింపావుకు కట్టేస్తారు.
పరుగు అయిపోయిందని
ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒక చేతిలో మెడలు, ఒక చేతిలో పొట్లాలు.
గొంతులో ఏదో పాతది కదిలింది.
"హోల్డాన్!" అని అరిచినా
నడిరోడ్డు మీద,
జీవితంలో మొదటిసారి
బండి బయట నిలబడి.

ఆమె ఆగలే.